‘పనికి పోతున్నావా?’ అన్న ఒక్క ప్రశ్న: గాయపడిన కార్మికుల సర్వే, ప్రాజెక్టు డైరీ

2025 నవంబర్ 3, నల్లగొండ

పనిలో దెబ్బ తగిలి నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టుకున్న కార్మికులు ఆ తరువాత మళ్లీ పనిలోకి ఎలా వెళ్లారు, వెళ్లలేకపోతే ఎందుకు వెళ్లలేకపోయారు అన్నది వాళ్ల నోటనే విని నమోదు చేయడం ఈ సర్వే ఉద్దేశం. ముగ్గురం ఉన్నాము: నేను, కార్మిక చట్టాలలో పని చేసే ఒక న్యాయవాది మిత్రుడు, పాలమూరు పల్లెల్లో ఇళ్లు తిరిగిన అనుభవం ఉన్న ఒక మాజీ ఆశా కార్యకర్త. ఇప్పుడు జరుగుతున్నది ప్రశ్నాపత్రాన్ని సరిచూసుకునే తొలి విడత మాత్రమే. కనుక ఈ డైరీలో శాతాలు, పట్టికలు ఉండవు. ప్రశ్నలు ఎక్కడ తప్పాయి, ఎలా దిద్దుకున్నాము అన్నదే ఉంటుంది.

మొదటి రోజంతా పరిధి తగ్గించుకోవడంతోనే సరిపోయింది. దామరచర్ల నుంచి మఠంపల్లి, మేళ్లచెరువు దాకా సిమెంటు ఫ్యాక్టరీలు, చిట్యాల, చౌటుప్పల్ రసాయన పరిశ్రమలు, జడ్చర్ల పక్కన పోలేపల్లి మందుల కంపెనీలు, అన్నీ మొదట జాబితాలో ఉన్నాయి. చివరికి మూడు వర్గాలను ఉంచుకున్నాము: మిర్యాలగూడ రైసుమిల్లుల హమాలీలు, పత్తి జిన్నింగు మిల్లుల కూలీలు, పాలమూరు నుంచి బయటి రాష్ట్రాలకు కట్టుబడి పనులకు వెళ్లి దెబ్బతో ఇంటికి చేరినవాళ్లు. ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లను ప్రస్తుతానికి పక్కన పెట్టాము. 1948 నాటి ఈఎస్ఐ చట్టం 53వ సెక్షన్ ప్రకారం ఆ బీమా పరిధిలో ఉన్న వ్యక్తి అదే దెబ్బకు 1923 నాటి పరిహార చట్టం కింద మళ్లీ అడగడానికి వీలు లేదు. వాళ్లకు వైద్యం, సెలవు కాలపు భృతి, ఆ తరువాతి పింఛను వేరే దారిలో వస్తాయి. రెండు రకాల వాళ్లనూ ఒకే ఫారంలో కలిపితే ఎవరి సంగతీ సరిగ్గా తేలదు.

ప్రశ్నాపత్రానికి నమూనాగా సేఫ్ వర్క్ ఆస్ట్రేలియా అనే ప్రభుత్వ సంస్థ జరిపించే జాతీయ సర్వేను తీసుకున్నాము. అందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. పరిహారం అడిగిన కార్మికుడు దెబ్బ తగిలాక ఎప్పుడైనా పనిలోకి వెళ్లాడా అన్నది ఒక లెక్కగా, అడిగిన రోజున పనిలో ఉన్నాడా అన్నది మరో లెక్కగా చూస్తారు. వెళ్లి నిలవలేనివాళ్లు ఈ రెండింటి మధ్య తేడాలో కనిపిస్తారు. తెలుగులో 58 ప్రశ్నలు తయారయ్యాయి.

నవంబర్ 11, మిర్యాలగూడ

వానాకాలం వడ్లు మిల్లులకు వచ్చే రోజులివి; పనిలో ఉన్న హమాలీ ఎవరూ పగలు దొరకరు. అయితే మేము వెతుకుతున్నది పనిలో లేనివాళ్లను కూడా కనుక, మొదటి ఇంటర్వ్యూ మధ్యాహ్నమే కుదిరింది. ముప్పై అయిదేళ్ల మనిషి. ఎలివేటర్ బెల్టు దగ్గర ఇరుక్కున్న బస్తా గుడ్డను లాగబోయి ఎడమ చేతి చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు పోగొట్టుకున్నాడు. ఇంటావిడ ఇచ్చిన చాయ గ్లాసును మిగిలిన బొటనవేలుకూ చిటికెన వేలుకూ మధ్య అంచు దగ్గర పట్టుకుని, ఒలకకుండా తాగుతూ మాట్లాడాడు.

పదకొండో ప్రశ్న: దెబ్బ తగిలిన తరువాత మీరు తిరిగి పనికి వెళ్లారా? ‘పోకుంటే ఎట్ల సారు, పోతున్న’ అన్నాడు. ‘అవును’ మీద టిక్కు పెట్టాను. దాని తరువాత వచ్చే ఆరు ప్రశ్నలకూ జవాబులు చకచకా వచ్చాయి, ఫారం ముగిసింది. చెప్పులు వేసుకుంటుండగా ఆయన కూడా లేచి కర్ర అందుకున్నాడు. ఎక్కడికన్నా అని అడిగితే, వేరేవాళ్ల బర్లను సాగర్ కాలువ గట్టుకు తోలుకుపోవాలని చెప్పాడు. ఆయన పోతున్నానన్న పని అది. మిల్లు గేటు దాటి ఏడాదిన్నర అయింది.

ఆయన అబద్ధం చెప్పలేదు. మన దగ్గర ‘పనికి పోతున్నావా’ అని ఒక మగమనిషిని అడగడమంటే, ఊరికే కూర్చున్నావా అని అడిగినట్టే. దానికి లేదు అనే జవాబు ఎవరి నోటా రాదు. ఈ ఒక్క ప్రశ్న మీదనే సర్వే అంతా ఆధారపడి ఉంది. ఇంకో మూడు ఇళ్లలో కూడా అదే మాట వచ్చింది: ఒకాయన కిరాణా కొట్టులో కూర్చుంటున్నాడు, ఒకాయన మిల్లు బయట రాత్రి కావలి ఉంటున్నాడు, మూడో ఆయన అదే మిల్లులో ఊడ్చే పనిలో సగం కూలికి ఉన్నాడు. ఫారంలో నలుగురూ ‘తిరిగి వెళ్లినవారే’.

నవంబర్ 14

ప్రశ్నను విప్పి రాసుకున్నాము. దెబ్బకు ముందు ఏ పని, ఏ రేటు. ఇప్పుడు ఏ పని, ఏ రేటు. ఆ పనికి మిమ్మల్ని ఎవరు పిలిచారు. ఎన్ని రోజులు నిలిచారు. ‘తిరిగి వెళ్లారా’ అన్న మాటే తీసేశాము. వెళ్లారా లేదా అన్నది ఈ నాలుగు జవాబుల నుంచి మేము తేల్చుకోవాలి గాని, ఆయన చేత చెప్పించకూడదు.

‘మీ యజమాని మిమ్మల్ని తిరిగి తీసుకున్నారా’ అన్న ప్రశ్న కూడా పోయింది. హమాలీకి మిల్లు సేటు యజమానా, ముఠా మేస్త్రీ యజమానా? పరిహారం వరకు చట్టానికి సందేహం లేదు. కాంట్రాక్టరు కింద పని చేసినా అసలు యజమానిదే బాధ్యత అని 1923 చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. పనిలోకి తీసుకునే సంగతికి వచ్చేసరికి మాత్రం సేటు మేస్త్రీని చూపిస్తాడు, మేస్త్రీ ముఠాను చూపిస్తాడు. బస్తాకు ఇంత అని వచ్చిన డబ్బును పంచుకునే ముఠాలో 50 కిలోల బియ్యం బస్తాను మూడు వేళ్లు లేని చేత్తో ఎత్తలేని మనిషి ఉంటే మిగతావాళ్ల వాటా తగ్గుతుంది. వాళ్లలో ఎవరినీ తప్పు పట్టలేకపోయాను.

నవంబర్ 19

ఈ రోజు శాతాల గొడవ. ‘మీ వైకల్యం ఎంత శాతం’ అని అడుగుతున్నాము. మనుషులు రెండు కాగితాలు తెచ్చి చూపిస్తున్నారు, రెండింటి మీద రెండు అంకెలు. ఒకటి సదరం పత్రం. అది శరీరానికి జరిగిన లోపాన్ని కొలుస్తుంది, చేయి కాలు లోపానికి అందులో 40 శాతం ఉంటేనే పింఛను అడగడానికి వీలవుతుంది. రెండోది పరిహారం ఉత్తర్వు. అందులోని శాతం సంపాదన శక్తి ఎంత పోయిందన్న లెక్క. ఒకే చేతికి మూడు వేళ్లు పోతే 30 శాతం, నాలుగు పోతే 50, బొటనవేలు ఒక్కటే పోయినా 30 అని 1923 చట్టం మొదటి షెడ్యూలులో రాసి ఉంది. షెడ్యూలులో లేని దెబ్బ అయితే డాక్టరు అంచనా వేయాలి.

ఆ హమాలీ ఉదాహరణనే మిత్రుడు లెక్క వేసి చూపించాడు. నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చించాలి, 35 ఏళ్లకు ఆ గుణకం 197.06. 2020 జనవరి నుంచి లెక్కలోకి తీసుకునే జీతం పరిమితి 15,000 రూపాయలు. అంటే 9,000ను 197.06తో హెచ్చించి, దానిలో 30 శాతం తీస్తే 5,32,062 రూపాయలు. అంతకు ముందున్న 8,000 పరిమితితో అయితే ఇదే దెబ్బకు 2,83,766 వచ్చేది. ప్రమాదం జరిగిన తేదీ ఇటో అటో అయితే పరిహారం దాదాపు సగం తేడా పడుతుంది కనుక తేదీ ప్రశ్న మొదటి పేజీకి ఎక్కింది.

ఇక ఆ 30 శాతం అనే అంకె గురించి ఒక మాట. షెడ్యూలు అందరి చేతినీ ఒకే చేయిగా చూస్తుంది. మిల్లు గుమాస్తాకు ఎడమ చేతి మూడు వేళ్లు పోతే మరుసటి నెలలో లెక్కలు రాసుకుంటాడు. హమాలీకి అవే వేళ్లు పోతే బస్తా మీద పట్టు పోతుంది, పట్టు పోతే మొత్తం వృత్తే పోతుంది. అందుకే మా ఫారంలో శాతం పక్కన ‘ఏ పట్టు పోయింది’ అని ఒక ఖాళీ గీత చేర్చాము. బస్తా ఎత్తడం, తాడు ముడి వేయడం, పార పట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, ఏది చెబితే అది ఆయన మాటల్లోనే రాసుకుంటాము.

నవంబర్ 24

సామాజిక భద్రతా కోడ్ 2020 ఈ నెల 21 నుంచి అమలులోకి వచ్చింది. పరిహారం సంగతి ఇక ఆ కోడ్ ఏడో అధ్యాయంలో ఉంటుంది. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వచ్చే దారిలో జరిగే ప్రమాదాలకు కూడా అందులో చోటు కల్పించారు. మా సర్వేలోని ప్రమాదాలన్నీ అంతకు ముందటివి కాబట్టి ఫారంలో మార్పేమీ లేదు. మేము వెతుకుతున్న విషయం మాత్రం పాత 1923 చట్టంలో లేదు: డబ్బు కట్టించడం దాకానే దాని పని, మనిషిని మళ్లీ పనిలో పెట్టుకోమని యజమానికి అది చెప్పదు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిందని తీసివేయరాదన్న నియమం 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో, 20వ సెక్షన్‌లో ఉంది. అది ప్రభుత్వ సంస్థలకే వర్తిస్తుంది.

డిసెంబర్ 2

తేదీలు. ‘దెబ్బ తగిలిన ఎన్ని నెలలకు పని మొదలుపెట్టారు’ అంటే ఎవరూ నెలలు చెప్పడం లేదు. ‘బతుకమ్మ పోయినంక’, ‘యాసంగి నాట్లప్పుడు’, ‘పీర్ల పండుగకు ముంగట’ అని చెబుతున్నారు. కనుక ఫారం వెనుక ఒక పండుగల పట్టీ అంటించాము. నల్లగొండ వైపు చెర్వుగట్టు జాతర, పాలమూరు వైపు దీపావళి తరువాత వచ్చే కురుమూర్తి జాతర గుర్తులుగా బాగా పనికొస్తున్నాయి. అన్నింటికంటే పనికొచ్చింది సూర్యాపేట దగ్గరి పెద్దగట్టు జాతర. రెండేళ్లకు ఒకసారి వస్తుంది కనుక, మొన్నటి గట్టు అంటే 2025 ఫిబ్రవరి, దానికి ముందటిది అంటే 2023 అని ఏడాది తేలిపోతుంది.

డిసెంబర్ 9

ఊళ్లలో సర్పంచ్ ఎన్నికల సందడి. ఫారం, పెన్ను పట్టుకుని పోతే ఏ పార్టీ అని అడుగుతున్నారు. 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో జరిగిన సమగ్ర కుటుంబ సర్వే దగ్గర నుంచి మొన్నటి కులగణన దాకా రాయించుకుని రాయించుకుని విసిగిన జనం. ఒక పెద్దమ్మ, ‘రాస్కపోతరు బిడ్డా, మళ్ల మొకం సూపియ్యరు’ అంది. ఎన్నికలు అయిపోయేదాకా ఇళ్ల తిరుగుడు ఆపాము.

డిసెంబర్ 13

ఆపిన రోజుల్లో పాత ఫారాలు ముందేసుకుని కూర్చుంటే పెద్ద లోపం ఒకటి బయటపడింది. మా పేర్ల జాబితా కేసులు వేసినవాళ్లది. కేసు దాకా రాకుండా పెద్దమనుషుల పంచాయితీలో రాజీ చేసుకున్నవాళ్లు అందులో లేరు. మేము మిల్లుల చుట్టూ తిరిగినప్పుడు విన్న మాటలను బట్టి చూస్తే రాజీ కేసులే ఎక్కువగా తోస్తున్నాయి. ఇంతో అంతో ముట్టజెప్పి, ‘ఇక నాకు ఏ హక్కూ లేదు’ అని రాసిన కాగితం మీద వేలిముద్ర తీసుకుంటారు. పరిహారం హక్కును వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం చెల్లదని 1923 చట్టం 17వ సెక్షన్ చెబుతోంది గాని, ఆ కాగితం బీరువాలో ఉన్నంతకాలం కేసు వేయడానికి ఎవరూ కదలరు. దరఖాస్తుకు ఉన్న రెండేళ్ల గడువు అలాగే దాటిపోతుంది.

రాజీ చేసుకున్నవాళ్లకే మళ్లీ పని దొరుకుతోందా? కేసు వేసినవాళ్లకు దొరకడం లేదా? ఒక జిన్నింగు మిల్లు కూలీ అన్న మాట నా నోట్‌బుక్కులో ఉంది: ‘పైసలు గావాల్నా పని గావాల్నా అన్నరు సారు, నేను పైసలు అడిగిన.’ అదే నిజమైతే, కేసుల జాబితా మీద మాత్రమే ఆధారపడిన సర్వేలో పని పోయినవాళ్లే కనబడతారు, తలవంచి పని నిలబెట్టుకున్నవాళ్లు కనబడరు. కనుక ప్రతి ఇంట్లోనూ, మీ ముఠాలో దెబ్బ తగిలి కేసు వేయని మనిషి ఇంకెవరైనా ఉన్నారా అని అడిగి, వాళ్ల దగ్గరికీ వెళ్లాలని నిర్ణయించుకున్నాము. ఇలా ఒకరి నుంచి ఒకరిని పట్టుకుంటూ పోతే ఒకే ముఠా మనుషులే ఎక్కువగా వస్తారు. ఆ సంగతి తెలిసే చేస్తున్నాము.

డిసెంబర్ 22, దేవరకద్ర వైపు

పాలమూరు వలస కూలీల దగ్గర ప్రశ్నాపత్రం తలకిందులైంది. దెబ్బ తగిలింది పుణె దగ్గర ఒక కట్టుబడిలో; తీసుకుపోయిన గుంపు మేస్త్రీది పక్క ఊరే; కంపెనీ పేరు మనిషికి తెలియదు. ఆయన మూడో అంతస్తు సారువ మీద నుంచి పడి తుంటి విరిగి, ఎనిమిది నెలలు మంచంలో ఉన్నాడు. కేసు వేయలేదు. ఎందుకు వేయలేదంటే, ‘పుణె పోవాల్నంటే మనిషి తోడు గావాలె, బస్సు కిరాయి గావాలె’ అన్నాడు. అదే చట్టం 21వ సెక్షన్ ప్రకారం కార్మికుడు నివాసం ఉండే ప్రాంతపు కమిషనర్ దగ్గరే దరఖాస్తు ఇవ్వవచ్చని మిత్రుడు చెబితే, ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత ఎన్నేళ్ల లోపల ఇయ్యాలె అని అడిగాడు. రెండేళ్లు నిండడానికి ఇంకా నాలుగు నెలలుంది. సర్వే చేయడానికి వచ్చినవాళ్లు సలహా ఇవ్వవచ్చునా అని రాత్రి ముగ్గురం వాదించుకున్నాము. ఆ ఫారాన్ని విడిగా పెట్టి, ‘జోక్యం జరిగింది’ అని పైన రాసి, మిత్రుడు దరఖాస్తు తయారు చేయడం మొదలుపెట్టాడు.

పని ఎప్పుడు మొదలుపెట్టాలో మానిన ఎముక చెప్పదు, మిత్తి చెబుతుంది. ఇది ఈ వారం నేర్చుకున్నది. మామూలు వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు, అవసరం గట్టిదైతే మూడు. ఆస్పత్రికి రెండు లక్షలు తెచ్చిన ఇంటికి నెల తిరిగేసరికి నాలుగు వేల నుంచి ఆరు వేల మిత్తి. పరిహారం ఒక నెలలో కట్టకపోతే చట్టం వేయించే వడ్డీ ఏడాదికి 12 శాతం, అంటే నూటికి నెలకు రూపాయి. యజమాని ఆలస్యం చేస్తే ఆయనకు రూపాయి చొప్పున భారం, కార్మికుడికి రెండు మూడు రూపాయల చొప్పున భారం. కోలుకునే కాలంలో పదిహేను రోజులకు ఒకసారి నెల జీతంలో నాలుగో వంతు చొప్పున ఇవ్వాలని ఆ చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. దాన్ని అందుకున్నామన్న మనిషి మాకు ఇంతవరకు ఎదురు కాలేదు. ఇంకా నొప్పి ఉండగానే ఎందుకు పోయారు అన్న ప్రశ్నకు ‘డాక్టరు చెప్పారు’, ‘యజమాని పిలిచారు’, ‘విసుగు’ అని మూడు గడులు ఇచ్చాము. మిత్తికి గడి లేదు. చేర్చాము.

జనవరి 6

తప్పు నాదే. ఫోనులో నింపే కోబో అనే సర్వే యాప్ ఫారంలో, ‘కేసు వేశారా’కు ‘లేదు’ అని పెడితే పని గురించిన ప్రశ్నలు కూడా మాయమయ్యేలా దాటవేత నియమం పెట్టాను. రాజీవాళ్ల తొమ్మిది ఫారాలలో పని వివరాలు ఖాళీ. మనం ఎవరి కోసం ప్రత్యేకంగా వెతుక్కుంటూ పోయామో వాళ్లవే పోయాయి. కాగితం మీద కూడా రాసుకుంటున్నందుకు ఆశా కార్యకర్త అక్కను నేను మొదట్లో వేళాకోళం చేశాను; ఆమె ఆరింటిని తన నోట్‌బుక్కులో నుంచి తిరిగి ఎక్కించింది.

జనవరి 19, మిర్యాలగూడ

సంక్రాంతి తరువాత మొదటి తిరుగుడు. ఫారం ఇప్పుడు 34 ప్రశ్నలు. దాదాపు యాభై అయిదేళ్ల హమాలీ ఇంట్లో కూర్చున్నాము. లారీ మీద నుంచి జారి పడిన బస్తా ఆయన భుజాన్ని చితకకొట్టింది. కుడి చేయి ఇప్పుడు చెవి దాకా లేవదు. రాజీ కేసు. దెబ్బకు ముందు ఏ పని అంటే హమాలీ. ఇప్పుడు ఏ పని అంటే, ‘ఏం లేదు’ అన్నాడు. అలా ఒప్పుకున్న మొదటి మనిషి ఆయనే. మూడు నెలల నుంచి దిద్దుకుంటూ వచ్చిన ప్రశ్న ఎట్టకేలకు సరిగ్గా పలికిందనుకుని రాసుకోబోతున్నాను.

ఆయన ఫారం వైపు చూసి, ‘గట్ల రాస్తె తప్పయితది సారు’ అన్నాడు. ‘నా జాగల మా చిన్నోడు పోతున్నడు. ముఠాల నా పేరు ఇంక ఉన్నది.’

అడిగిన కొద్దీ తెలిసింది. రాజీలో మిల్లు తరఫు నుంచి వచ్చింది కొంత డబ్బు, దానితో పాటు ముఠాలో ఆయన జాగాను కొడుకుకు ఇవ్వడం. డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్న పిల్లవాడు కాలేజీ మానేసి బస్తాలకు వచ్చాడు. తండ్రి లెక్కలో ఇది బేరం కుదిరినట్టే. పని ఇంటి నుంచి పోలేదు. నా ఫారంలో ఆయన ‘పని లేదు’, కొడుకు అసలు లేడు. ఆస్ట్రేలియా నమూనాలో ఈ గడి ఎందుకు ఉంటుంది? అక్కడ దెబ్బ తగిలిన మనిషి ఒక్కడే లెక్క.

గోడకు ఒక బస్తా కొక్కెం వేలాడుతోంది. చెక్క పిడి నల్లగా నున్నగా అరిగి, కుడి చేతి బొటనవేలు పడే చోట చిన్న గుంట పడి ఉంది. అది ఎవరిది అని అడిగాను. ‘నాదే. వాడు ఎడమచేతి వాటం, వానికి వేరేది తెచ్చిన’ అన్నాడు.

జనవరి 21

కొత్త ప్రశ్న: మీ పనిలో మీ బదులు ఇంట్లోవాళ్లు ఎవరైనా పోతున్నారా, వాళ్లు అంతకు ముందు ఏం చేసేవాళ్లు? రాసి, పాత ఫారాలన్నీ తిరగేశాను. దేవరకద్ర వైపు ఒక ఇంట్లో భార్య ఇటుక బట్టీకి పోతున్నట్టు అక్క నోట్‌బుక్కు అంచున రాసి ఉంది. ప్రశ్న లేదు కనుక అది ఫారంలోకి రాలేదు. మొదటి రోజు కలిసిన నలుగురినీ ఈ ప్రశ్న అడగలేదు.

బర్లు కాసే ఆయనకు సాయంత్రం ఫోను చేశాను. ఇంట్లో ఇంకెవరైనా మిల్లుకు పోతున్నారా అన్నా అని అడిగితే, లేదు అన్నాడు. కొంచెం ఆగి, తన తమ్ముడు పోతున్నాడని, అయితే తమ్ముడు వేరు పడ్డాడు కాబట్టి ‘ఇంట్లోవాళ్లు’ కిందికి రాడేమోనని చెప్పాడు. ప్రశ్నలో ‘ఇంట్లోవాళ్లు’ తీసేసి ‘మీవాళ్లు’ అని మార్చాను. ఆదివారం మళ్లీ మిర్యాలగూడ పోతున్నాము.